ఇంటర్‌లో లెక్కలు లేకపోయినా డిగ్రీలో ఎకనామిక్స్ గట్టిగా చదవడం ఎలా?

ఇంటర్‌లో సీఈసీ, హెచ్‌ఈసీ చదివి ఇప్పుడు బీఏలో ఎకనామిక్స్ తీసుకున్నవాళ్ల కోసం, తీసుకుందామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేనూ హెచ్‌ఈసీ నుంచే వచ్చాను, అదీ తెలుగు మీడియంలో. డిగ్రీ మూడేళ్లూ అర్థశాస్త్రాన్ని చరిత్ర పాఠంలాగే చదివాను. నిర్వచనం, ప్రమేయాలు, పరిమితులు, విమర్శ. మార్కులు బాగానే వచ్చాయి. ఎంఏలో చేరిన మొదటి వారంలోనే మాస్టారు బోర్డు మీద మొత్తం వ్యయ సమీకరణం రాసి, దాన్ని అవకలనం (డిఫరెన్షియేషన్) చేసి, ‘ఇదే ఉపాంత వ్యయం’ అన్నారు, అంటే ఇంకొక్క వస్తువు తయారు చేయడానికి అదనంగా అయ్యే ఖర్చు. ఉపాంత వ్యయం మీద అప్పటికి నేను మూడుసార్లు పది మార్కుల జవాబు రాసి ఉన్నాను. అయినా బోర్డు మీది ఆ రెండు లైన్లు నాకు అర్థం కాలేదు. ఆ తర్వాత చాలా నెలలు పదో తరగతి లెక్కల దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టుకుని వచ్చాను. ఆ పని డిగ్రీ మొదటి ఏడాదిలోనే చేసి ఉండాల్సింది. చేయమని చెప్పినవాళ్లు లేరు.

కాబట్టి మీకు చెబుతున్నాను. ఎకనామిక్స్ పట్టుబడాలంటే రెండు పనులు పక్కపక్కనే సాగాలి: రోజూ కొంచెం లెక్క, వారానికోసారి బజారు. క్లాసు, పుస్తకం, పరీక్ష ఈ రెంటి మధ్యలో ఇమిడిపోతాయి.

చేరేముందు సిలబస్ చూడండి

కాలేజీ పేరు, బిల్డింగ్, బస్సు సౌకర్యం చూసి చాలామంది చేరిపోతారు. సిలబస్ చూడరు. తెలంగాణలో డిగ్రీ సీట్లు దోస్త్ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ అడ్మిషన్ల ద్వారా భర్తీ అవుతాయి. ఆప్షన్లు పెట్టుకునే ముందు ఆ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో బీఏ ఎకనామిక్స్ సిలబస్ డౌన్‌లోడ్ చేసుకుని మూడు పేపర్ల కోసం వెతకండి. గణిత పద్ధతులు ఉన్నాయా? గణాంకశాస్త్రం ఉందా? ఎకనామెట్రిక్స్ (ఆర్థిక డేటాను గణాంక పద్ధతులతో పరీక్షించడం) ఉందా? మూడూ ఉంటే మంచిది. ఒక్కటీ లేకపోతే ఆ లోటు మీరే సొంతంగా పూడ్చుకోవాలని ముందే తెలుసుకుని చేరండి. ఆంధ్రలో ఎకనామిక్స్ మేజర్‌గా తీసుకుంటే దానికి తోడుగా స్టాటిస్టిక్స్‌గానీ, మ్యాథ్స్‌గానీ, కంప్యూటర్స్‌గానీ దొరుకుతుందేమో కాలేజీలో అడగండి. తెలంగాణలో హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ కలిపి తీసుకోవడం పాత అలవాటు. పోటీ పరీక్షలే లక్ష్యమైతే అది సరిపోతుంది. ఎకనామిక్స్‌లోనే ముందుకు వెళ్లాలనుకుంటే లెక్కలకు దగ్గరగా ఉండే కాంబినేషన్ మేలు.

బయటికి వెళ్లాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. ఢిల్లీ యూనివర్సిటీలో బీఏ ఆనర్స్ ఎకనామిక్స్‌కు ప్లస్ టూలో గణితం తప్పనిసరి. ఐఐటీ కాన్పూర్, ఐఐటీ ఖరగ్‌పూర్‌లలో ఎకనామిక్స్ బీఎస్ ఉంది కానీ దారి జేఈఈ అడ్వాన్స్‌డ్ మీదుగానే. అంటే ఎంపీసీవాళ్లకే. పుణెలోని గోఖలే ఇన్‌స్టిట్యూట్‌లో బీఎస్సీ ఎకనామిక్స్ ఉంది. మనకు దగ్గర్లో చూస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఎకనామిక్స్ ఉంది, ప్రవేశం సీయూఈటీ (కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) ద్వారా. మీ తమ్ముడో చెల్లెలో ఇప్పుడు పదో తరగతిలో ఉండి ఎకనామిక్స్ మీద ఇష్టం చూపిస్తుంటే ఎంఈసీ చేర్పించండి. కామర్స్ చదివినట్టూ ఉంటుంది, లెక్కలు పోకుండానూ ఉంటాయి.

సీటు పెద్ద చోట రాలేదని బెంగ వద్దు. ఊళ్లో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చేరి ఇక్కడ చెప్పినవి చేసినవాళ్లు ఎవరికీ తీసిపోరు.

మొదటి మూడు నెలలు: రోజుకు 40 నిమిషాల లెక్క

ఎకనామిక్స్‌కు లెక్కలన్నీ అక్కర్లేదు. ఏవి కావాలో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. ఇంటర్ మ్యాథ్స్ తెలుగు అకాడమీ పుస్తకాలు, పాత సిలబస్‌వి అయినా సరే, ఎంపీసీ చదివిన ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. 1ఏలో ప్రమేయాలు, మాత్రికలు అనే అధ్యాయాలు చాలు. (ఇక్కడ ఒక చిక్కు ఉంది. లెక్కల పుస్తకంలో ప్రమేయం అంటే ఫంక్షన్. ఎకనామిక్స్ పుస్తకంలో ప్రమేయాలు అంటే మనం ముందుగా ఒప్పుకున్న షరతులు. మొదట్లో ఈ ఒక్క మాట దగ్గరే చాలామంది తికమక పడతారు.) సదిశలు, త్రికోణమితి వదిలేయండి. 1బిలో సరళరేఖ, అవధులు, అవకలనం, అవకలజాల అనువర్తనాలు చదవండి. అవకలజాల అనువర్తనాల్లో ఉండే గరిష్ఠ, కనిష్ఠ విలువల లెక్కలే మీకు మూడేళ్లూ అన్నం పెట్టేవి. 2ఏలో విస్తరణ కొలతలు, సంభావ్యత రెండో ఏడాదికి దాచుకోండి.

అంతకంటే ముందు ఒక వారం శాతాలు, భిన్నాలు, గ్రాఫులు తిరగేయండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు. ద్రవ్యోల్బణం, వృద్ధిరేటు, వడ్డీ అన్నీ శాతాల లెక్కలే.

ఉత్త లెక్కలు చేస్తూ పోతే విసుగొస్తుంది. నేర్చుకున్న ప్రతిదాన్నీ వెంటనే ఒక కొట్టు మీద పెట్టి చూడండి. మీ కాలేజీ గేటు దగ్గర టీ కొట్టుంది అనుకుందాం. టీ 10 రూపాయలున్నప్పుడు రోజుకు 200 టీలు పోతాయి. 12 చేస్తే 180 పోతాయి. ధర రెండు రూపాయలు పెరిగితే 20 టీలు తగ్గాయి, అంటే రూపాయికి పది. దీన్ని సరళరేఖగా రాస్తే:

అమ్ముడయ్యే టీలు = 300 − 10 × ధర

ధర దగ్గర 10 వేసి చూడండి, 200 వస్తుంది. 12 వేస్తే 180. ఇక డిమాండ్ వ్యాకోచత్వం, అంటే ధర మారిన శాతంతో పోలిస్తే అమ్మకం ఎంత శాతం మారిందన్న కొలత. ధర 20 శాతం పెరిగింది, అమ్మకం 10 శాతం తగ్గింది. పదిని ఇరవైతో భాగిస్తే 0.5, తగ్గింది కాబట్టి ముందు మైనస్. ఒకటి కంటే తక్కువ కాబట్టి అవ్యాకోచ డిమాండ్. పుస్తకం ఏమంటుంది? డిమాండ్ అవ్యాకోచంగా ఉంటే ధర పెంచినప్పుడు రాబడి పెరుగుతుందంటుంది. నిజమా? ముందు 10 × 200 = 2,000 రూపాయలు. తర్వాత 12 × 180 = 2,160. నిజమే.

మరి ఎంతవరకు పెంచవచ్చు? ఇక్కడ అవకలనం కావాలి, అంటే ధర కొంచెం మారితే రాబడి ఎంత వేగంగా మారుతుందో చూడటం. రాబడి అంటే ధరను అమ్మకంతో గుణించడం:

రాబడి = 300 × ధర − 10 × ధర × ధర

దీని అవకలజం 300 − 20 × ధర. దాన్ని సున్నాకు సమానం చేస్తే ధర 15. అప్పుడు 150 టీలు, రాబడి 2,250. ఆ బిందువు దగ్గర వ్యాకోచత్వం లెక్కగట్టండి: 10 × 15 ÷ 150, అంటే సరిగ్గా ఒకటి. ‘వ్యాకోచత్వం ఒకటి ఉన్నచోట మొత్తం రాబడి గరిష్ఠం’ అని మీరు బట్టీ పట్టిన వాక్యం ఇదిగో, మీ చేతుల్లోంచే వచ్చింది.

ఇంకో మెట్టు ఎక్కుదాం. ఒక టీకి పాలు, పంచదార, పొడి, గ్యాస్ కలిపి 6 రూపాయలు ఖర్చు. లాభం = (ధర − 6) × (300 − 10 × ధర). గుణించి అవకలనం చేస్తే 360 − 20 × ధర వస్తుంది. సున్నాకు సమానం చేస్తే ధర 18. టీలు 120, లాభం 1,440 రూపాయలు. 15 రూపాయలకు అమ్మితే లాభం 1,350 మాత్రమే. రాబడి ఎక్కువ వచ్చే ధరా, లాభం ఎక్కువ వచ్చే ధరా ఒకటి కావని ఇక్కడ తేలింది. ఉపాంత రాబడి ఉపాంత వ్యయానికి సమానం కావాలన్న సూత్రం చెప్పేది ఇదే.

మరి గేటు దగ్గర టీ 18 రూపాయలు ఎందుకు లేదు? పక్కనే ఇంకో కొట్టుంది కాబట్టి. ఆయన 10కే ఇస్తే మన సమీకరణమే మారిపోతుంది. ఇప్పుడు ఏకస్వామ్యం, సంపూర్ణ పోటీ, పరిమితస్వామ్యం అనే అధ్యాయాలు తెరవండి. అవి ఇక మీకు పేర్ల జాబితాలా కనిపించవు, మీ ప్రశ్నకు జవాబుల్లా కనిపిస్తాయి. సూక్ష్మ అర్థశాస్త్రంలో (మైక్రో ఎకనామిక్స్) ప్రతి అధ్యాయాన్నీ ఇలాగే ఒక అంకెల లెక్కగా మార్చుకోవడం అలవాటు చేసుకుంటే మొదటి ఏడాది గడిచేలోపే భయం పోతుంది.

రెండు భాషల నోటుబుక్కు

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు మొదటి సెమిస్టర్‌లో అసలు ఇబ్బంది మాటలతోనే. విషయం తెలుసు, ఇంగ్లిష్ పేరు తెలియదు. ఒక పొడుగాటి నోటుబుక్కు తీసుకుని పేజీని మూడు నిలువు గడులుగా గీయండి. ఒకదాంట్లో తెలుగు మాట, రెండోదాంట్లో ఇంగ్లిష్ మాట, మూడోదాంట్లో మీ ఊరి ఉదాహరణ. ఆపర్చునిటీ కాస్ట్ అంటే అవకాశ వ్యయం: ఎకరంలో మిర్చి వేశాం కాబట్టి వదులుకున్న పత్తి ఆదాయం. కన్‌జ్యూమర్ సర్‌ప్లస్ అంటే వినియోగదారుని మిగులు: ఎండలో 30 రూపాయలైనా ఇచ్చేవాణ్ణి, మజ్జిగ 15కే దొరికింది, ఆ మిగిలిన 15. ఇన్‌డిఫరెన్స్ కర్వ్ అంటే ఉదాసీనతా వక్రరేఖ. మూడో గడి ఖాళీగా ఉందంటే ఆ భావన మీకింకా అందలేదన్నమాట. మాట వచ్చినంత మాత్రాన ముందుకు వెళ్లకండి.

తెలుగులో చదివి అర్థం చేసుకోవడం తక్కువతనం కాదు. తెలుగు అకాడమీ పుస్తకంలో భావన పట్టుకుని, అదే అధ్యాయం ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల ఎకనామిక్స్ పుస్తకాల్లో ఇంగ్లిష్‌లో చదవండి. ఎన్‌సీఈఆర్‌టీవి వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఇంగ్లిష్ తేలిగ్గా ఉంటుంది. ఆరు నెలల్లో ఇంగ్లిష్ పుస్తకాలు వాటంతటవే దారికొస్తాయి.

ఎక్కువమంది జారిపడే రెండు చోట్లు

మొదటిది డిమాండ్ రేఖ (ఏ ధరకు ఎంత కొంటారో చూపే గీత) మీద కదలడానికీ, రేఖే జరగడానికీ ఉన్న తేడా. 2023 జులైలో టమాటా కిలో వంద దాటింది. జనం పావుకిలో కొనుక్కుని సర్దుకున్నారు. ‘డిమాండ్ తగ్గింది’ అని రాస్తే తప్పు. జనం ఇష్టం మారలేదు, ఆదాయం మారలేదు. పంట దెబ్బతిని సప్లయ్ రేఖ ఎడమవైపు జరిగింది. మనం అదే డిమాండ్ రేఖ మీద పైకి కదిలాం, అది డిమాండ్ సంకోచం. అదే కార్తీకమాసంలో కోడిమాంసం తినేవాళ్లు తగ్గితే, ధర ఎంతున్నా కొనేది తక్కువ. అక్కడ రేఖే ఎడమకు జరుగుతుంది, అది డిమాండ్ తగ్గుదల. పేపర్లో ఏ ధర వార్త చూసినా ‘ఏ రేఖ జరిగింది? ఎటు జరిగింది?’ అని అడిగి, బొమ్మ గీయండి. నెల రోజులు చేస్తే ఈ తప్పు మళ్లీ రాదు.

రెండోది స్థూల అర్థశాస్త్రంలో (మాక్రో ఎకనామిక్స్). ద్రవ్యోల్బణం 6 శాతం నుంచి 4 శాతానికి తగ్గిందంటే ధరలు తగ్గాయని కాదు. ధరలు పెరిగే వేగం తగ్గింది, అంతే. కూలి 500 నుంచి 550 అయితే పది శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. అదే ఏడాది ధరలు 6 శాతం పెరిగితే 1.10ని 1.06తో భాగించాలి. వచ్చేది దాదాపు 1.038. నిజ వేతనం పెరిగింది 3.8 శాతమే. నామమాత్రపు విలువ, నిజ విలువ అన్న తేడా జాతీయాదాయంలో వస్తుంది, వడ్డీరేటులో వస్తుంది, ఎగుమతుల్లో వస్తుంది. ఒక్కసారి గట్టిగా పట్టుకుంటే అన్నిచోట్లా పనికొస్తుంది.

స్థూల అర్థశాస్త్రానికి మంచి టీచర్ రిజర్వ్ బ్యాంకే. వడ్డీరేటు నిర్ణయించే ద్రవ్య విధాన కమిటీలో ఆరుగురు సభ్యులుంటారు, రెండు నెలలకోసారి కూర్చుంటారు, ద్రవ్యోల్బణాన్ని 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతం లోపల ఉంచడం వాళ్ల బాధ్యత. కమిటీ నిర్ణయం వచ్చిన రోజు గవర్నర్ ప్రకటన వెబ్‌సైట్‌లో పెడతారు. మొదటిసారి చదివితే నాలుగో వంతు కూడా అర్థం కాదు. ఫర్వాలేదు. అర్థంకాని మాటలను నోటుబుక్కులో రాసుకోండి. ఏడాదిలో ఆరుసార్లు చదివితే ఆరోసారి మీరే ఆశ్చర్యపోతారు.

వారానికోసారి బజారు

నాకు ఈ సబ్జెక్టు మీద ప్రేమ పుట్టింది పుస్తకంలో కాదు, కూరగాయల మార్కెట్లో. మీకూ ఆ అవకాశం కావాలని ఈ అడుగు గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

ఒక సరుకు ఎంచుకోండి. మీ జిల్లాకు దగ్గరైనదైతే మంచిది: గుంటూరైతే మిర్చి, నిజామాబాదైతే పసుపు, కర్నూలైతే ఉల్లి, చిత్తూరు, అన్నమయ్య జిల్లాలవైపైతే మదనపల్లె టమాటా. అగ్‌మార్క్‌నెట్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మార్కెట్ యార్డుల రోజువారీ ధరలు, వచ్చిన సరుకు పరిమాణం ఉంటాయి. రెండు మార్కెట్లు తీసుకోండి, ఒకటి పండే చోటు, ఒకటి మీరుండే ఊరు. రోజూ తేదీ, సరుకు రాక, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, ఎక్కువగా పలికిన ధర ఎక్సెల్‌లో ఎక్కించండి. ఆదివారం ఉదయం రైతుబజార్‌కు వెళ్లి బోర్డు మీది ధర, అదేరోజు మీ వీధి కొట్టులో ధర రాసుకోండి. రైతుబజార్లు 1999లో మొదలైనవే మధ్య దళారీ తీసుకునే భాగం తగ్గించడానికి. ఆ తేడా ఇప్పుడు ఎంతుందో మీ అంకెలే చెబుతాయి.

అరవై రోజులయ్యాక గ్రాఫ్ గీయండి. సరుకు రాక పెరిగిన రోజుల్లో ధర ఎలా ఉంది? యార్డులో ధర పడిపోయిన ఎన్ని రోజులకు మీ వీధిలో పడింది? పెరిగినప్పుడు వెంటనే పెరిగి, తగ్గినప్పుడు ఆలస్యంగా తగ్గిందా? ఎందుకు? కొట్టాయనతో మాట్లాడండి. కుళ్లిపోయే సరుకు ఎంత, ఆటో ఖర్చెంత, కమీషన్ ఎంత అని అడగండి. చాలామంది విసుక్కోకుండా చెబుతారు. వాళ్లను ఇలాంటివి ఎవరూ అడగరు కాబట్టి చెప్పాలనే ఉంటుంది. రద్దీ తగ్గాక వెళ్లండి, ఏదో ఒకటి కొనండి, వాళ్ల పేర్లు ఎక్కడా రాయకండి.

రైతును కూడా అడగండి: ఈసారి ఇదే పంట ఎందుకు వేశారు? ‘పోయినసారి మంచి రేటు వచ్చింది’ అనే జవాబు తప్పకుండా వినిపిస్తుంది. అందరూ పోయినసారి రేటు చూసి వేస్తే ఈసారి సరుకు ఎక్కువై రేటు పడుతుంది. పడిందని అందరూ మానేస్తే వచ్చేసారి మళ్లీ ఎగురుతుంది. దీన్నే కాబ్‌వెబ్ సిద్ధాంతం అంటారు, బొమ్మ గీస్తే సాలెగూడులా వస్తుంది కాబట్టి. రోడ్డు మీద పారబోసిన టమాటాల ఫొటో పేపర్లో చూసినప్పుడల్లా ఈ బొమ్మ గుర్తొస్తే, మీరు ఎకనామిక్స్ విద్యార్థి అయినట్టే.

ఆంధ్రలో డిగ్రీవాళ్లకు మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంటుంది. చాలామంది ఎవరిదో పాత రికార్డు చూసి ఎత్తిరాస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఇరవై ఇళ్లు తిరిగి, ఇంట్లో ఎంతమంది సంపాదిస్తున్నారు, అప్పు ఎక్కడ తెచ్చారు, ఏ వడ్డీకి, ఉపాధి హామీ డబ్బు ఎన్ని రోజులకు పడింది అని మీరే అడిగి రాసుకోండి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం అని ఆ ఇళ్ల దగ్గరే అర్థమవుతుంది.

ఊళ్లు తిరగడం చిన్న పని కాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) 1975 నుంచి కొన్ని గ్రామాల్లో ఇంటింటి లెక్కలు రాయించింది. అందులో పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లె ఒకటి. కరువొచ్చినప్పుడు ఒక ఇంటి ఆదాయం పడిపోతే తిండి కూడా అంతే పడిపోతుందా, లేక ఊరు ఒకరినొకరు ఆదుకుంటుందా అన్న ప్రశ్నకు ఆ గ్రామాల లెక్కలతోనే జవాబు వెతికిన ఒక వ్యాసం 1994లో ప్రపంచంలోని పెద్ద ఎకనామిక్స్ పత్రికల్లో ఒకటైన ఎకనామెట్రికాలో వచ్చింది. ఆ వ్యాసం ఇప్పటికీ అమెరికా యూనివర్సిటీల్లో పాఠంగా చెబుతారు. ఇంకొకటి చెబుతాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, పింఛన్లు స్మార్ట్‌కార్డుల ద్వారా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, 157 మండలాల్లో ఏవి ముందు, ఏవి తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించి, రెండింటినీ పోల్చి చూశారు. కార్డులు వచ్చినచోట డబ్బు త్వరగా అందిందని, పక్కదారి పట్టేది తగ్గిందని తేలింది. 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మైఖేల్ క్రెమర్‌లకు నోబెల్ వచ్చింది ఇలాంటి ప్రయోగ పద్ధతికే. లాటరీ ఎందుకు వేయాలి, ఇష్టమున్న మండలాల్లో ముందు పెడితే ఏమవుతుంది? ఈ ప్రశ్న మీద ఒక సాయంత్రం ఫ్రెండ్స్‌తో కూర్చుని వాదించుకోండి. ఎకనామెట్రిక్స్ పేపర్‌లో సగం అక్కడే అర్థమవుతుంది.

రెండో ఏడాది: గణాంకాలు, కంప్యూటర్

సగటు, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో), సహసంబంధం (రెండు అంకెలు కలిసి ఎంత కదులుతాయో), ప్రతిగమనం (రిగ్రెషన్: ఒకటి మారితే రెండోది సగటున ఎంత మారుతుందో). ఈ నాలుగూ ఒక్కసారైనా చేత్తో, పది అంకెల డేటా మీద చేయండి. ఆ తర్వాత కంప్యూటర్‌కు అప్పగించండి. ముందు ఎక్సెల్, తర్వాత గ్రెట్ల్ లేదా ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్. ఈ చివరి రెండూ ఉచితం. లాప్‌టాప్ లేకపోతే కాలేజీ ల్యాబ్‌లో వారానికి రెండు గంటలు అడిగి పెట్టించుకోండి. మీ అరవై రోజుల టమాటా లెక్కలు ఉన్నాయి కదా, ధరను సరుకు రాక మీద ప్రతిగమనం చేయండి. వచ్చిన గుణకం మీద వెంటనే నమ్మకం పెట్టుకోవద్దు. వాన పడిన రోజు సరుకూ తగ్గుతుంది, కొనేవాళ్లూ తగ్గుతారు. రెండు కలిసి కదిలినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు.

ఇంకా పెద్ద డేటా కావాలంటే రిజర్వ్ బ్యాంక్ డేటాబేస్, కేంద్ర గణాంక శాఖవారి కార్మిక శక్తి సర్వే, రెండు రాష్ట్రాల సామాజిక ఆర్థిక సర్వే పుస్తకాలు, అన్నీ ఉచితమే. వాటిలో మీ జిల్లా పట్టిక ముందు చూడండి. తెలిసిన చోటు అంకెలైతే తప్పు కనిపిస్తే పట్టేస్తారు.

పరీక్షలు

నేను చెప్పిన పద్ధతిలో చదివితే మార్కులు తగ్గుతాయేమోనన్న అనుమానం న్యాయమైనదే. తగ్గవు, కానీ జవాబు రాసే పద్ధతి విడిగా నేర్చుకోవాలి. దిద్దేవాళ్లు నిర్వచనం, ప్రమేయాలు, పట్టిక, రేఖాపటం, వివరణ, మినహాయింపులు అన్న వరుస కోసం చూస్తారు. ఆ వరుస ఇవ్వండి. పటంలో రెండు అక్షాలకూ పేర్లు రాయండి, సమతౌల్య బిందువుకు అక్షరం పెట్టండి, ఆ అక్షరాన్ని వివరణలో వాడండి. పటం ఒకచోట, మాటలు ఒకచోట ఉంటే మార్కులు పోతాయి. పట్టికలో పుస్తకంలోని అంకెలే వేయక్కర్లేదు, మీ టీ కొట్టు అంకెలు వేయొచ్చు. గత ఐదేళ్ల పేపర్లు తెచ్చి, యూనిట్‌కు రెండు జవాబులు గడియారం పెట్టుకుని రాయండి.

గైడ్లు కొనడం తప్పని నేను అనను. చివరి వారంలో తిరగేయడానికి బాగుంటాయి. జూన్‌లోనే గైడ్‌తో మొదలుపెడితే మాత్రం నాకు ఎంఏలో ఎదురైనదే మీకూ ఎదురవుతుంది.

చివరి ఏడాదికి ముందు నిర్ణయించుకోవాల్సినవి

నాలుగో సెమిస్టర్ అయ్యేసరికి మీరు ఎటు వెళ్తారో కొంచెమైనా తేల్చుకోండి. గ్రూప్స్, సివిల్స్ రాయాలనుకుంటే డిగ్రీ చాలు. తెలంగాణ గ్రూప్ 2లో ఎకానమీకి విడిగా ఒక పేపరే ఉంది. సివిల్స్‌లో ఎకనామిక్స్ ఆప్షనల్‌గా తీసుకోవచ్చు. జూనియర్ లెక్చరర్ కావాలంటే ఎంఏ కావాలి. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్షకు కూడా పీజీ తప్పనిసరి, ఈ సంగతి చాలామందికి డిగ్రీ అయ్యాకే తెలుస్తుంది.

పీజీకి మంచి దారులు రెండు. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వంటివాటికి సీయూఈటీ పీజీ. ఐఐటీల్లో ఎంఎస్సీ ఎకనామిక్స్‌కు ఐఐటీ జామ్, ఇందులో 2021 నుంచి ఎకనామిక్స్ పేపర్ ఉంది. లెక్కల్లో బాగా గట్టిపడితే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశ పరీక్ష కూడా చూడండి, కానీ దాని అర్హతల్లో గణితం గురించి ఏం రాశారో ముందు చదవండి. వై.వి.రెడ్డి గారు కడప జిల్లా పల్లె నుంచి వచ్చి, మద్రాసులో ఎకనామిక్స్ ఎంఏ చేసి, ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి, 2003 నుంచి 2008 వరకు రిజర్వ్ బ్యాంక్ గవర్నర్‌గా ఉన్నారు. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న దువ్వూరి సుబ్బారావు గారు మొదట చదివింది ఫిజిక్స్. ఈ సబ్జెక్టులోకి ఏ వైపు నుంచైనా రావొచ్చు.

జామ్ ఎకనామిక్స్ పాత పేపర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. సూక్ష్మ, స్థూల అర్థశాస్త్రాలు, గణాంకాలు, గణితం, భారత ఆర్థిక వ్యవస్థ, ఐదు భాగాలు. పరీక్ష రాసే ఉద్దేశం లేకపోయినా రెండో ఏడాది వేసవిలో ఒక పేపర్ ప్రింట్ తీసుకుని కూర్చోండి. చేయగలిగినవాటికి టిక్ పెట్టండి. చేయలేనివాటి పక్కన అది ఏ అధ్యాయమో పెన్సిల్‌తో రాయండి. మూడో ఏడాది టైంటేబుల్ ఆ పెన్సిల్ రాతల నుంచి తయారు చేసుకోండి, వాటిలో లెక్కలవి ముందు పెట్టుకోండి.